కంచెలు పడని పొలాలు: లాక్స్‌టన్ పారిష్ కథ

ఏటా నవంబరు ఆఖర్లో ఇంగ్లండ్‌లోని లాక్స్‌టన్ అనే చిన్న ఊళ్లో కొందరు రైతులు జట్టుగా ఒక పొలం చూడటానికి బయల్దేరతారు. కిందటేడు బీడు వంతులో ఉండి, ఈసారి చలికాలం ముందు గోధుమ చల్లిన పొలం అది. ఎవరి నేల చెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసి హద్దు కర్రలు పాతుతారు. ఎవరైనా ఒక చాలు ఎక్కువ దున్ని డొంకలోకో, ఉమ్మడి గడ్డి నేలలోకో వచ్చారా అని పరిశీలిస్తారు. వచ్చినవాళ్ల పేరు రాసుకుంటారు. వారం తర్వాత ఊళ్లోని డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో కోర్టు కూర్చుంటుంది, తప్పు చేసినవాళ్లకు జరిమానా పడుతుంది.

పబ్బులో జరిగినంత మాత్రాన ఇదేదో తిరునాళ్ల సరదా అనుకోకూడదు. ఇలాంటి పాత గ్రామ న్యాయసభల అధికారాలను 1977లో బ్రిటిష్ పార్లమెంటు దాదాపు అన్నిచోట్లా రద్దు చేసింది. ఆ చట్టంలోనే లాక్స్‌టన్ సభకు పేరు పెట్టి మరీ మినహాయింపు ఇచ్చింది. ఇక్కడి సభకు అప్పటికింకా పని ఉంది. ఇప్పటికీ ఉంది.

నాటింగ్‌హమ్‌షైర్‌లో, షేర్‌వుడ్ అడవికి తూర్పు వైపున ఉంటుంది ఈ ఊరు. ఒకప్పుడు ఇంగ్లండ్ మధ్యభాగంలో చాలా ఊళ్లు ఇలాగే, కంచెలు లేని ఉమ్మడి పొలాల్లో చెక్కలు పంచుకుని సాగు చేసేవి. ఇప్పుడు ఆ పద్ధతి పూర్తి రూపంలో, సొంత న్యాయసభతో సహా, మిగిలింది ఇక్కడే. మిగతా ఊళ్లలో అది ఎందుకు పోయిందో, ఇక్కడ ఎందుకు మిగిలిందో తెలియాలంటే రెండు మూడు ముడులు విప్పుకోవాలి.

పారిష్ వేరు, మేనర్ వేరు

ఇంగ్లిష్ గ్రామ చరిత్ర చదివేవాళ్లను మొదట తికమక పెట్టేది ఇదే. ఒకే నేల మీద రెండు అధికారాలు ఉండేవి. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ప్రాంతం. ఆ హద్దుల్లో పండిన పంటలో పదో వంతు చర్చికి వెళ్లాలి. పది పనల్లో ఒక పన, పది గొర్రెపిల్లల్లో ఒకటి. పుట్టుక, పెళ్లి, చావు రాసిపెట్టాలని 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశించాక, ఆ పుస్తకాలూ పారిష్ చేతికే వచ్చాయి. 1601 నాటి చట్టంతో పేదల పోషణ కూడా దాని మీదే పడింది. ఊళ్లో ఆస్తి ఉన్నవాళ్ల దగ్గర పన్ను వసూలు చేసి, ముసలివాళ్లకు, అనాథలకు, పని దొరకనివాళ్లకు పంచాలి. 1662లో వచ్చిన ఇంకో చట్టం దీన్ని కఠినం చేసింది. వలస వచ్చిన పేదవాడు భారమవుతాడని అనుమానం వస్తే, అతణ్ని సొంత పారిష్‌కు పంపేయొచ్చు.

మేనర్ మాత్రం భూమికి సంబంధించినది. అది ఒక దొర ఎస్టేటు. కౌలు, హద్దులు, మేత, పంటల వరస, దారులు, ఇవన్నీ మేనర్ సభ చూసుకునేది. పారిష్ హద్దులూ మేనర్ హద్దులూ చాలాచోట్ల సరిపోలవు. ఒక పారిష్‌లో రెండు మూడు మేనర్లు ఉండొచ్చు, ఒక మేనర్ రెండు పారిష్‌ల మీదుగా పోవచ్చు. రైతు ఆదివారం చర్చిలో కూర్చున్నప్పుడు ఒక లెక్కలో ఉంటాడు, సభలో నిలబడినప్పుడు ఇంకో లెక్కలో ఉంటాడు. 1894 చట్టం గ్రామాల్లో ఎన్నికైన పారిష్ కౌన్సిళ్లను పెట్టి ఊరి పాలనను చర్చి చేతిలోంచి తీసేసింది. అందుకే ఈనాడు ఒకే పేరుతో చర్చి పారిష్ ఒకటి, పాలనా పారిష్ ఒకటి కనిపిస్తాయి.

లాక్స్‌టన్‌లో ఈ రెండు అధికారాల గుర్తులూ కళ్లకు కనిపిస్తాయి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు 1066లో ఇంగ్లండ్‌ను గెలిచాక కట్టిన కోట దిబ్బ ఊరికి ఉత్తరాన ఇంకా ఉంది. సెయింట్ మైకేల్ చర్చిలో షేర్‌వుడ్ అడవికి వంశపారంపర్యంగా కాపలా అధికారులుగా ఉన్న ఎవరింగ్‌హమ్ కుటుంబీకుల ప్రతిమలు పడుకుని ఉన్నాయి. వాటిలో ఒకటి కొయ్యతో చేసిన స్త్రీమూర్తి. కానీ ఈ ఊరి అసలు ఆస్తి కోటలోనూ లేదు, చర్చిలోనూ లేదు. పొలాల్లో ఉంది.

ఒక్కో రైతుకు ముప్పై చోట్ల భూమి ఎందుకు?

ఊరి సాగు భూమి అంతా మూడు నాలుగు పెద్ద పొలాలు. లాక్స్‌టన్‌లో ఇప్పుడున్నవి వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. ఒక్కో పొలం వంద ఎకరాలకు పైనే, మధ్యలో ఎక్కడా కంచె ఉండదు. పొలం లోపల సన్నని పొడవాటి చెక్కలు. ఒక రైతు చెక్కలన్నీ ఒకచోట ఉండవు. ఇక్కడొకటి, అర మైలు అవతల ఇంకొకటి, వాగు పక్కన మరొకటి. అలా పదులకొద్దీ చోట్ల చెదిరి ఉండేవి.

బయటి నుంచి చూస్తే తెలివితక్కువ ఏర్పాటులా ఉంటుంది. 18వ శతాబ్దపు వ్యవసాయ సంస్కర్తలు కూడా అదే అన్నారు. నడకకే సగం రోజు పోతుందని, పక్కవాడి కలుపు గింజలు మన చెక్కలో మొలుస్తాయని ఎద్దేవా చేశారు. కానీ ఏదైనా ఏర్పాటు వందల ఏళ్లు నిలిచిందంటే దానికి కారణం ఉండి తీరుతుంది. చరిత్రకారులు ఒక్కటి కాదు, చాలా చెప్పారు. లాక్స్‌టన్‌ను 1930ల్లో లోతుగా పరిశీలించిన ఆర్విన్ దంపతులు నాగలిని చూపించారు. బరువైన నాగలి, దానికి ఎడ్ల బారు. అంత పొడవైన బారును తిప్పడం కష్టం కాబట్టి వీలైనంత దూరం తిన్నగా వెళ్లాలి. అందుకే చెక్క పొడవుగా, సన్నగా వచ్చింది. ఆర్థికవేత్త మెక్లాస్కీ 1970ల్లో ఇంకో కారణం ముందుకు తెచ్చారు. చెక్కలు చెదిరి ఉంటే నష్టమూ చెదురుతుంది. పల్లంలో నీరు నిలిచి పంట పోయిన ఏడు మెరకలో పండుతుంది. వడగళ్లు ఒక మూల కొడితే ఇంకో మూల మిగులుతుంది. పంట బీమా లేని కాలంలో గండం తప్పించుకోవడానికి అదే దారి. మంచి నేల, చెడ్డ నేల అందరికీ కలిసి రావాలన్న న్యాయం కూడా ఇందులో ఉంది. తండ్రి తర్వాత కొడుకులు పంచుకోవడంతో ముక్కలు పెరిగాయన్న వాదనా ఉంది. నాకు బీమా వాదనే బలంగా తోస్తుంది. లాక్స్‌టన్ నేల ఎర్రటి బరువైన బంకమట్టి. తడిస్తే కాలు దిగబడుతుంది, ఎండితే రాయవుతుంది. పదును దాటితే దున్నడానికి పనికిరాదు. అలాంటి నేల మీద మొత్తం ఒకేచోట పెట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది?

మనం భూమి కొలిచే ఎకరం పుట్టింది కూడా ఇలాంటి పొలాల్లోనే. ఎడ్ల బారుతో ఒక రోజులో దున్నగలిగినంత నేల ఎకరం అని లెక్క. పొడవు 220 గజాలు, వెడల్పు 22 గజాలు, మొత్తం 4,840 చదరపు గజాలు. ఆ 22 గజాలనే 17వ శతాబ్దంలో ఎడ్మండ్ గంటర్ అనే గణితవేత్త వంద లింకుల గొలుసుగా చేశాడు. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్లు ఆ గొలుసును మన దేశానికీ తెచ్చారు. ఆంధ్రలో ఎకరానికి వంద సెంట్లు, తెలంగాణలో నలభై గుంటలు అని ఈరోజు రిజిస్ట్రేషన్ కాగితం మీద రాసుకుంటున్నామంటే, ఆ లెక్క మూలం ఇంగ్లిష్ రైతు నాగలి నడకలో ఉంది.

ఇక పంటల వరస. ఒక పొలంలో చలికాలపు గోధుమ, రెండోదానిలో వసంతంలో వేసే బార్లీ, ఓట్స్, బఠానీ, చిక్కుడు లాంటివి, మూడోది బీడు. మరుసటేడు వరస మారుతుంది. ఎవరి చెక్కలో వాళ్లు ఇష్టం వచ్చిన పంట ఎందుకు వేసుకోకూడదు అంటే, కారణం పశువులు. కోతలయ్యాక ఆ పొలం మొత్తం అందరి గొర్రెలకూ ఆవులకూ తెరుస్తారు. కొయ్యకాళ్లు మేసి, పేడ వేసి వెళ్తాయి. ఎరువుకు అదే ఆధారం. ఒక్కడు ఆలస్యంగా కోసే పంట వేస్తే ఊరి మంద మొత్తం ఆగాలి. కాబట్టి చెక్క సొంతమే, సాగు మాత్రం ఉమ్మడి. కోత దాకా నీది, కోత తర్వాత అందరిదీ. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా దానంతట అదే విడిపోతుంది. కంచె ఎందుకు లేదో, తేదీలు ఎందుకు ఉన్నాయో, సభ ఎందుకు కావాలో అన్నిటికీ జవాబు ఇక్కడే ఉంది.

దున్నడానికి పనికిరాని పల్లాలు, వాలులు పొలాల మధ్య గడ్డి నేలలుగా మిగిలాయి. వాటిని సైక్స్ అంటారు. వాటి గడ్డిని ఏటా వేలం వేస్తారు. దారి తప్పిన పశువును పట్టి బందెలదొడ్డిలో కట్టే ఉద్యోగి పేరు పిండర్. ఆ పదవికి ఇప్పటికీ సభే మనిషిని నియమిస్తుంది.

1968లో అమెరికన్ జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ఒక వాదన చేశాడు. ఉమ్మడి మేత భూమి ఉంటే ప్రతివాడూ ఇంకో పశువును తోలుతాడని, చివరికి నేల నాశనమవుతుందని. ఆ మాట ప్రపంచమంతా పాకింది, ఎన్నో ప్రభుత్వాలకు సాకుగా పనికొచ్చింది. లాక్స్‌టన్ లాంటి పారిష్‌ల రికార్డులు చూసినవాళ్లు మాత్రం వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంకో పశువును తోలనిచ్చేదెవరు? ఎవరికి ఎన్ని పశువుల హక్కు ఉందో లెక్క ఉంది, మీరితే జరిమానా ఉంది, లెక్క చూసేది పక్కింటివాడే. ఉమ్మడి అంటే అదుపు లేనిది కాదని ప్రపంచంలోని ఎన్నో ఊళ్ల ఉదాహరణలతో చూపించినందుకే ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

అలాగని ఇదేదో సమానత్వపు స్వర్గం కాదు. భూమి దొరది, రైతులు ఎక్కువమంది కౌలుదార్లు. పెద్ద రైతుకు డెబ్భై చెక్కలు ఉంటే చిన్నవాడికి నాలుగు. అసలు చెక్కే లేని కూలీలు ఉన్నారు. కాకపోతే గుడిసె ఉన్నవాడికి ఒక ఆవును మేపుకునే హక్కు ఉంటే, ఆ ఇంట్లో పాలు ఉంటాయి. కంచెలు పడ్డ ఊళ్లలో పేదలు పోగొట్టుకున్నది ఇదే.

1635 నాటి పటం

లాక్స్‌టన్‌కు దొరికిన అదృష్టం ఒక పటం. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయర్ ఊరంతా కొలిచి గీశాడు. ప్రతి చెక్కా ఉంది, ఎవరిదో పక్క పుస్తకంలో రాసి ఉంది. చెక్కలు రెండు వేలకు పైనే. పటం మీద చిన్న చిన్న బొమ్మలు కూడా వేశాడు. దున్నేవాళ్లు, కోసేవాళ్లు, కుక్కలతో వేటాడేవాళ్లు కనిపిస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ లైబ్రరీలో ఉంది అది.

గీయించిన మనిషి కథ మనవైపు తిరుగుతుంది. సర్ విలియం కోర్టీన్ లండన్ వర్తకుడు, మేనర్‌ను 1625లో కొన్నాడు. బార్బడోస్ ద్వీపంలో వలస పెట్టించిన పెట్టుబడిదారు కూడా ఇతనే. పటం గీసిన 1635లోనే మొదటి చార్లెస్ రాజు ఇతని బృందానికి తూర్పు దేశాలతో వ్యాపారం చేసుకొమ్మని అనుమతి ఇచ్చాడు. అప్పటికే 1611 నుంచి మచిలీపట్నంలో కొఠీ పెట్టుకుని, ఆ వ్యాపారం తమ ఒక్కరిదే అనుకుంటున్న ఈస్టిండియా కంపెనీకి ఇది పెద్ద దెబ్బ. కోర్టీన్ ఓడలు 1636లో గోవా వైపు, అక్కడి నుంచి చైనాకు వెళ్లాయి. ఆయన ఆ ఏడే చనిపోయాడు. అప్పుల భారం కొడుకును ముంచింది. లాక్స్‌టన్ 1640 ప్రాంతంలో పియర్‌పాంట్ కుటుంబం చేతికి వెళ్లింది. తర్వాతి కాలంలో ఎర్ల్ మాన్వర్స్ బిరుదు పొందినది ఆ వంశమే. ఒక వర్తకుడు తన కొత్త ఆస్తి ఎంతో తెలుసుకుందామని గీయించిన పటం వల్ల, ఆ రోజు పొలంలో ఎవరు ఎక్కడ దున్నారో మనకు తెలుస్తోంది. దొర పేర్లు మారాయి గానీ డొంకల దారి పెద్దగా మారలేదు.

కంచెలు ఎలా పడ్డాయి, ఇక్కడ ఎందుకు పడలేదు

చెక్కలన్నీ కలిపేసి, ఒక్కొక్కరికి ఒక్కచోట భూమి ఇచ్చి, చుట్టూ కంచె కట్టుకొమ్మనడాన్ని ఎన్‌క్లోజర్ అంటారు. మొదట ఒప్పందాల మీద, బలవంతంగా, రకరకాలుగా జరిగింది. తర్వాత పార్లమెంటు చట్టాలతో జరిగింది. 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా చట్టాలు, దాదాపు 68 లక్షల ఎకరాలు. ఇంగ్లండ్ విస్తీర్ణంలో ఐదో వంతు.

చట్టం తేవడానికి ఊళ్లో మెజారిటీ కావాలి. అయితే లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, భూమిని. నాలుగింట మూడు వంతుల భూమి ఉన్న యజమానులు ఒప్పుకుంటే చాలు, అది ఇద్దరు ముగ్గురైనా సరే. చర్చికి కూడా లాభం కనిపించేది. పదో వంతు పంటకు బదులుగా ఏకంగా భూమి ముక్క రాసిచ్చేవారు. సర్వే ఖర్చు, కంచె ఖర్చు, దారుల ఖర్చు అందరి మీదా పడేది. నాలుగెకరాలవాడికి కంచె ఖర్చు భూమి విలువకు దగ్గరగా వస్తుంది. చిన్నవాళ్లు చాలామంది అమ్ముకున్నారు. గుడిసెవాడి ఆవుకు మేత పోయింది. ఇంగ్లిష్ కూలీ కవి జాన్ క్లేర్ ఊరు హెల్ప్‌స్టన్‌కు 1809లో ఆ చట్టం వచ్చింది. తను తిరిగిన నేల మూసుకుపోయిందని ఆయన జీవితాంతం బాధపడ్డాడు.

ఇలాంటి ఊళ్ల పేదలకు ఆ తర్వాత ఎదురైనది నాటింగ్‌హమ్‌షైర్‌లోనే సౌత్‌వెల్‌లో చూడొచ్చు. అక్కడ పేదల్ని ఉంచి పని చేయించడానికి 1824లో కట్టిన వర్క్‌హౌస్ దేశానికి నమూనా అయింది. 1834 చట్టం పేదల పోషణను పారిష్‌ల చేతిలోంచి తీసి, కొన్ని పారిష్‌లు కలిపిన యూనియన్లకు, ఇలాంటి భవనాలకు అప్పగించింది. సాయం కావాలంటే లోపలికి రావాలి. వచ్చాక భార్యాభర్తల్ని, పిల్లల్ని విడివిడిగా ఉంచేవారు. ఆవు పోయిన ఇంటికి మిగిలిన దారి ఇది అని తలుచుకుంటే ఎన్‌క్లోజర్‌ను కేవలం వ్యవసాయ ప్రగతి అనడానికి నోరు రాదు. దిగుబడి పెరిగిందన్న మాట నిజమే. ఆ పెరుగుదల ఎవరి గాదెలోకి వెళ్లిందన్నది కూడా అడగాలి.

మరి లాక్స్‌టన్ ఎలా తప్పించుకుంది? ఇక్కడి దొరలకు పాత పద్ధతి మీద ప్రేమ ఉండి కాదు. 18వ శతాబ్దంలో పారిష్‌లో కొంత భాగానికి కంచెలు పడ్డాయి కూడా. మొత్తం మీద పడకపోవడానికి కారణం భూమి ఒకరి చేతిలో లేకపోవడం. రెండు పెద్ద వంశాల మధ్య, వాటికి తోడు సొంత భూమి ఉన్న చిన్న రైతుల మధ్య చీలి ఉంది. అందరూ ఒక మాట మీదికి రావడం కష్టం. పైగా ఈ బంకమట్టి మీద అంత ఖర్చు పెట్టినా కౌలు ఎంత పెరుగుతుంది? 1870ల తర్వాత అమెరికా గోధుమ దిగి ధరలు పడిపోయాక, ఖర్చు పెట్టాలన్న ఆలోచన ఇంకా తగ్గింది. చరిత్రలో చాలా మంచి సంగతులు ఇలాగే మిగిలాయి. ఎవరూ కాపాడాలనుకోలేదు, మార్చడానికి మాత్రం కుదరలేదు.

నిన్నటిది నిన్నటిలాగే లేదు

లాక్స్‌టన్‌ను మధ్యయుగపు మ్యూజియం అని రాసేవాళ్లు ఉన్నారు. అది ఆ రైతులకు అన్యాయం చేసే మాట. 1635తో పోలిస్తే కంచె లేని భూమి బాగా తగ్గి, ఇప్పుడు దాదాపు 500 ఎకరాలకు వచ్చింది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలో ఎర్ల్ మాన్వర్స్ ఎస్టేటు చాలా చెక్కల్ని కలిపి వెడల్పు చేసింది. ఎడ్లు పోయాయి, గుర్రాలు పోయాయి, ట్రాక్టర్లు, హార్వెస్టర్లు వచ్చాయి. మూడో ఏడు పూర్తిగా బీడు పెట్టే బదులు ఇప్పుడు పశుగ్రాసం పెంచుతున్నారు. రైతులకు ఈ చెక్కలతో పాటు ఊరి చుట్టూ కంచె ఉన్న భూములూ ఉన్నాయి. బతుకు అంతా చెక్కల మీదే నడవదు. ఇళ్లు మాత్రం పాత వరసలోనే వీధి పొడవునా ఉన్నాయి. కంచెలు పడ్డ ఊళ్లలో రైతులు తమ భూమి మధ్యకు ఇల్లు మార్చుకున్నారు. ఇక్కడ భూమి అన్నివైపులా ఉంది కాబట్టి ఎవరూ కదలలేదు.

సభ కూడా మారలేదు. పాత జ్యూరీ, అంటే హద్దులు చూసే రైతుల జట్టు, తను చూసిన పొలం గురించి చెబుతుంది, కొత్త జ్యూరీ వచ్చే ఏటి పొలం కోసం ప్రమాణం చేస్తుంది. జరిమానాలు కొన్ని పౌండ్లే. డబ్బు కంటే పేరు చదవడమే శిక్ష. ఈ ఏడు జ్యూరీలో ఉండి పక్కవాడి చాలు కొలిచినవాడు, వచ్చే ఏడు తన చాలు కొలిపించుకుంటాడు. నా దృష్టిలో ఈ పద్ధతిని ఇన్నాళ్లు నిలబెట్టింది ఇదే. పై నుంచి ఏ అధికారి వచ్చి చూసినా ఇంత నమ్మకంగా చూడలేడు.

యజమాని మాత్రం 1952 నుంచి మూడుసార్లు మారాడు. ఈ పద్ధతి నిలవాలన్న ఉద్దేశంతో ఎర్ల్ మాన్వర్స్ 1952లో ఎస్టేటును వ్యవసాయ శాఖకు అమ్మాడు. 1981లో అది బ్రిటిష్ రాజపీఠం ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్ చేతికి వెళ్లింది. క్రౌన్ ఎస్టేట్ అమ్మకానికి పెట్టినప్పుడు ఊళ్లో టెన్షన్ పడనివాళ్లు ఉండరు. చివరికి 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ కొంది. అది మాన్వర్స్ వంశపు పాత ఎస్టేటే.

కొత్త యజమాని మీద ఎంత నమ్మకం ఉన్నా, ఇప్పుడు అసలు చిక్కు యాజమాన్యంలో లేదు. చెక్కలు సాగు చేసే కుటుంబాలు బాగా తగ్గిపోయాయి. యంత్రాలు ఏటేటా వెడల్పవుతున్నాయి, చెక్కలు వెడల్పవవు. ఒక రైతు మానేస్తే అతని చెక్కలు మిగిలినవాళ్లు తీసుకుంటారు, పొలం సాగు ఆగదు. జ్యూరీకి మాత్రం మనుషులు కావాలి. ఒకరి చాలు ఇంకొకరు కొలవాలంటే, కొలిచేవాడూ కొలిపించుకునేవాడూ వేర్వేరు రైతులై ఉండాలి. కాబట్టి చిన్న రైతు కుటుంబాలు ఇంకా కౌలుకు నిలబడేలా అద్దెలు ఉంటాయా, కొత్తగా ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లయినా వ్యవసాయంలోకి వస్తారా అన్నదే లాక్స్‌టన్ ముందున్న ప్రశ్న.